హాంకాంగ్ నమోదుకు పైసా ఫీజు లేదు, పేరు మాత్రం సరిచూసుకోండి

ప్రశ్న: మాది దేవరకొండ. అమ్మానాయినలకు అరవై దాటాయి, ఇద్దరూ ఇంతవరకు విమానం ఎక్కలేదు. నవంబర్‌లో ఐదు రోజులు హాంకాంగ్ తీసుకుపోవాలనుకుంటున్నాను. ఏజెంటు వీసా ఫీజు అని మనిషికి నాలుగు వేలు అడుగుతున్నాడు. అమ్మ నీసు ముట్టదు, మోకాళ్ల నొప్పులు కూడా. తీసుకుపోవచ్చా?

జవాబు: తప్పకుండా తీసుకుపోమ్మా. ముందు ఆ నాలుగు వేలు కట్టకు. ఐదు రోజులకు మనవాళ్లకు వీసా అవసరం లేదు. 2017 జనవరి నుంచి బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలనే రూలు ఒక్కటే ఉంది. హాంకాంగ్ ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో నువ్వే నింపవచ్చు, రూపాయి ఫీజు లేదు. చాలామందికి ఫలితం అక్కడికక్కడే వస్తుంది. ఒకసారి వచ్చిందంటే ఆరు నెలలు చెల్లుతుంది, వెళ్లిన ప్రతిసారీ 14 రోజుల దాకా ఉండొచ్చు. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. ఒకవేళ నమోదు కుదరలేదని వస్తే మాత్రం అప్పుడు వీసాకు పెట్టుకోవాలి.

నింపేటప్పుడు మన తెలుగువాళ్లు పొరపాటు పడేది ఇంటిపేరు దగ్గరే. మొదటిసారి హాంకాంగ్‌లో మా అబ్బాయి దగ్గరికి పోయేటప్పుడు మేమూ ఒక ఏజెంటుకు డబ్బులిచ్చి నింపించాం. ఆయన మావారి ఇంటిపేరును అసలు పేరు గడిలో, అసలు పేరును ఇంటిపేరు గడిలో కొట్టాడు. మేం చూసుకోలేదు. శంషాబాద్‌లో కౌంటర్ అమ్మాయి పాస్‌పోర్టు, కాగితం పక్కపక్కన పెట్టి, "మేడమ్, ఇది కలవట్లేదు, పంపించలేను" అన్నది. కాళ్లు వణికాయి. పక్కకు జరిగి సూట్‌కేసు మీద కూర్చుని, ఫోన్‌లో మళ్లీ మొదటినుంచి నింపాను. ఒక్కో అక్షరం నేను పైకి చదువుతుంటే మావారు పాస్‌పోర్టులో వేలు పెట్టి చూశారు. ఫలితం వచ్చింది, ఆ అమ్మాయే దయతో ప్రింటు తీసి ఇచ్చింది. అందుకే చెప్తున్నా, పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో ఇక్కడా ఆ గడిలో అదే ఉండాలి. ఇంట్లో ఎట్లా పిలుస్తారు, ఆధార్‌లో ఎట్లా ఉంది అన్నది లెక్కలోకి రాదు. ఎవరి నమోదు వారిదే, పిల్లలకు కూడా. తెల్ల ఏ4 కాగితం మీద ప్రింటు తీసి సంతకం పెట్టించు. తిరుగు టికెట్టు, హోటల్ బుకింగ్ కాగితాలు కూడా దగ్గర పెట్టుకో. అక్కడ దిగాక పాస్‌పోర్టు మీద ముద్ర వెయ్యరు, చిన్న చీటీ ఇస్తారు. ఎన్నో తారీకు దాకా ఉండొచ్చో దాని మీదే ఉంటుంది. మావారు దాన్ని బిల్లు అనుకుని పారెయ్యబోయారు.

ఇక అమ్మ తిండి. ఆకుకూర అని చెప్పినా మీద ఆయిస్టర్ సాస్ పోసి తెస్తారు, అది ఆల్చిప్పలతో చేసేది. ఎండురొయ్యలు, మాంసం ఉడికించిన నీళ్లు కూడా కలుస్తాయి. ఆవిడకు "జాయ్" అనే మాట నేర్పించు, బౌద్ధుల శాకాహారం అని అర్థం. అందులో ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. మన రుచి కావాలంటే నాథన్ రోడ్డులో చుంగ్‌కింగ్ మాన్షన్స్ అనే పాత భవనం ఉంది, భారతీయ హోటళ్లు అందులో చాలా ఉన్నాయి. లిఫ్టులు చిన్నవి, లైను పెద్దది. వాన్‌చాయ్‌లో గురుద్వారా ఉంది, లంగర్ అని ఉచిత భోజనం ఉంటుంది, రొట్టె, పప్పు పెడతారు. ఇంటి నుంచి సకినాలు, పప్పుల పొడి, మామిడి పచ్చడి పట్టుకుపోండి. చికెన్, మటన్ పచ్చళ్లు, గుడ్లు వద్దు, మాంసం మీద రూల్స్ గట్టిగా ఉన్నాయి. నాయినకు గుట్కా, జర్దా అలవాటుంటే అవి ఇంట్లోనే వదిలెయ్యమను, అక్కడ నిషేధం. ఒక ప్లాస్టిక్ చెంబు మర్చిపోకు. బాత్‌రూముల్లో కాగితమే ఉంటుంది, పెద్దవాళ్లు మొదటిరోజే ఇబ్బంది పడతారు.

మోకాళ్ల సంగతి. పెద్ద బుద్ధ విగ్రహం దగ్గరికి పోవాలని అందరూ అంటారు. అది లాంటావ్ దీవిలో ఉంది. తుంగ్ చుంగ్ నుంచి కేబుల్ కారులో 25 నిమిషాలు పడుతుంది, కింద సముద్రం కనపడుతుంది. విగ్రహం పాదాల దాకా మెట్లు 268. అమ్మను ఎక్కించకు. కింద మైదానం నుంచే 34 మీటర్ల కంచు బుద్ధుడు నిండుగా కనపడతాడు, ఎదురుగా పో లిన్ మఠంలో శాకాహార భోజనం దొరుకుతుంది. హుస్సేన్ సాగర్‌లో మన బుద్ధుణ్ని 1992లో నిలబెట్టారు, ఇది 1993లో పూర్తయింది. మనది భువనగిరి పక్కన రాయగిరి రాయి. మైదానంలో నిలబడి ఈ మాట చెప్తే మావారు చాలాసేపు కదల్లేదు.

నా మాట విని ఒక పూట ట్రాముకి వదిలెయ్. 1904 నుంచి నడుస్తోంది, ఇప్పుడున్నవి రెండంతస్తుల బండ్లు, అక్కడివాళ్లు డింగ్ డింగ్ అంటారు. వెనక నుంచి ఎక్కి, దిగేటప్పుడు ముందు డబ్బులిస్తారు, మనిషికి మూడు డాలర్ల చిల్లరే. డాలరంటే అక్కడి డాలరు. పైకి మెట్లు ఇరుకు, నువ్వు పైకెక్కినా అమ్మను కిందే కూర్చోబెట్టు. తర్వాత స్టార్ ఫెర్రీ ఎక్కండి. పది నిమిషాల పడవ ప్రయాణం. చెక్క బెంచీల వీపు అటూఇటూ తిరుగుతుంది, పడవ ఎటు పోతే అటు ముఖం పెట్టుకుని కూర్చోవచ్చు. మావారు దాన్ని రెండుమూడుసార్లు తిప్పి చూశారు, పక్కనున్న ముసలాయన నవ్వి తన బెంచీ కూడా తిప్పి చూపించాడు.

ప్రశ్న: ఎయిర్‌పోర్టు నుంచి సిటీలోకి టాక్సీయే దిక్కా? (కల్వకుర్తి)

జవాబు: కాదు తమ్ముడూ. రైలు 24 నిమిషాల్లో సిటీ మధ్యలో దింపుతుంది, ఖర్చు ఎక్కువే. నలుగురుంటే టాక్సీ లెక్క సరిపోతుంది. నాకు నచ్చింది మాత్రం ఏ21 బస్సు, నాథన్ రోడ్డు పొడుగునా ఆగుతుంది. దిగగానే ఆక్టోపస్ కార్డు కొనుక్కో. రైలు, బస్సు, ట్రాము, పడవ, చిన్న దుకాణాల్లో కూడా చెల్లుతుంది. బస్సులో చిల్లర ఇవ్వరు కాబట్టి కార్డే మేలు. మెట్రోలో నీళ్లు కూడా తాగొద్దు, జరిమానా ఉంది. మన ప్లగ్గు అక్కడ పట్టదు, పలకల్లాంటి మూడు పిన్నుల అడాప్టర్ కావాలి.

ప్రశ్న: జూలైలో టికెట్టు చవగ్గా దొరికింది. పోవచ్చా? మకావ్ కూడా చూడొచ్చా? (మిర్యాలగూడ)

జవాబు: నేనైతే పోను. జూలై, ఆగస్టు, సెప్టెంబర్‌లలో ఉక్క, వాన, తుఫాన్లు. 8వ నంబరు తుఫాను సిగ్నల్ ఎత్తారంటే పడవలు, బస్సులు ఆగిపోతాయి, దుకాణాలు మూస్తారు, రోజంతా హోటల్ గదిలోనే. అక్టోబర్, నవంబర్‌లలో ఆకాశం తేటగా ఉంటుంది. మకావ్ పడవలో సుమారు గంట, 30 రోజుల దాకా మనకు వీసా లేదు. అక్కడి నుంచి హాంకాంగ్ తిరిగొచ్చేటప్పుడు ఆ నమోదు కాగితమే మళ్లీ పనికొస్తుంది, కాబట్టి హోటల్‌లో వదిలి పోకు. పక్కనే ఉన్న చైనా ఊరు షెన్‌జెన్ పోవాలంటే మాత్రం చైనా వీసా వేరే తీసుకోవాలి.