‘లాక్కుంటుంది’ అన్న మాట తీసెయ్

తమ్ముడూ,

ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి ఆక్సిజన్ ఎలా చేరుతుందో చెప్పే నీ వ్యాసం రెండుసార్లు చదివాను. భాష హాయిగా ఉంది. కానీ మూడో పేరాలో "రక్తం గాలిలోని ఆక్సిజన్‌ను లాక్కుంటుంది" అని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. గాలిని లోపలికి లాగేది డయాఫ్రం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరం), రక్తాన్ని తోసేది గుండె, ఆ రెండూ నిజంగా కష్టపడే పనులే. వాయుగోణిలోంచి (ఊపిరితిత్తుల్లో గాలి చేరే అతి చిన్న సంచి అది) ఆక్సిజన్ రక్తంలోకి దాటే ఆ ఆఖరి అడుగులో మాత్రం లాగేవాళ్లూ లేరు, తోసేవాళ్లూ లేరు.

ఇది చిన్న పొరపాటని కొట్టిపారెయ్యకు. డెన్మార్క్‌లో క్రిస్టియన్ బోర్ అంతటి శాస్త్రవేత్త (నీల్స్ బోర్ వాళ్ల నాన్న) ఊపిరితిత్తులే పూనుకుని ఆక్సిజన్‌ను రక్తంలోకి పంపుతాయని నమ్మాడు. ఆయన దగ్గర పనిచేసిన ఆగస్ట్ క్రోగ్, భార్య మేరీతో కలిసి ఓపిగ్గా కొలిచి, అలాంటిదేమీ లేదు, వ్యాపనం (అణువులు ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి వాటంతటవే పాకడం) ఒక్కటే సరిపోతుందని 1910లో వరసగా వ్యాసాలు ప్రచురించాడు. గురువుగారి మాటకు ఎదురుగా, లెక్కలతో. ఈ కథ నీ వ్యాసంలో ఉండాలి, ఎందుకంటే చదివేవాడికి కూడా మొదట తట్టేది బోర్ ఆలోచనే.

ఇక ఆ అడుగు ఎలా పడుతుందో చెప్పు. వాయుగోణిలో ఆక్సిజన్ పీడనం సుమారు 100 మిల్లీమీటర్ల పాదరసం (బీపీని కొలిచే కొలతే), గుండె నుంచి అక్కడికి వచ్చే రక్తంలో 40. అణువులు అటూ ఇటూ దాటుతూనే ఉంటాయి, ఎక్కువున్న వైపు నుంచి ఎక్కువ దాటుతాయి, అంతే. కార్బన్ డయాక్సైడ్‌కు తేడా 5 మాత్రమే, రక్తంలో 45, వాయుగోణిలో 40. అయినా అది ఆక్సిజన్ కన్నా 20 రెట్లు సులువుగా దాటుతుంది కాబట్టి ఇబ్బంది లేదు.

వ్యాపనానికి నువ్విచ్చిన అగరుబత్తి వాసన పోలిక తీసెయ్. గదిలో వాసన పాకేది ఎక్కువగా గాలి కదలిక వల్ల, అది చదివితే వ్యాపనం చాలా వేగమైనదనుకుంటారు. అసలు సంగతి తలకిందులు. కదలని నీళ్లలో ఆక్సిజన్ అణువు 1 మిల్లీమీటరు దూరం పోవడానికి సుమారు 4 నిమిషాలు పడుతుంది, 1 సెంటీమీటరైతే దాదాపు 7 గంటలు. దూరం పది రెట్లయితే సమయం వంద రెట్లు! అందుకే వాయుగోణి గోడ చాలాచోట్ల మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా పలచన, అందుకే అన్ని కోట్ల గోణులు, పరిస్తే 750 చదరపు అడుగుల ఫ్లాటంత. ఎర్ర రక్తకణం గోణిని ఆనుకున్న కేశనాళికలో (వెంట్రుకకన్నా సన్నటి రక్తనాళంలో) ఉండేది సెకనులో ముప్పావు వంతు, మొదటి పావు సెకనులోనే దాని ఆక్సిజన్ నిండిపోతుంది. మిగిలిన సమయం పరుగెత్తినప్పుడు అక్కరకొస్తుంది. నువ్వు ఈ పలచదనం మీద ఒక్క వాక్యం రాశావు, నేనైతే రెండు పేరాలు రాస్తాను.

మా అమ్మకు నెమ్ము చేసిన రాత్రి నాకిదంతా కళ్లకు కట్టింది. ఛాతీ ఎగసిపడుతోంది, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపడానికి వేలికి పెట్టిన క్లిప్పు మీద 86. గాలి లోపలికి పోతూనే ఉంది కదా, మరి ఎందుకు తగ్గుతోందని అన్నయ్య డాక్టరమ్మను అడిగాడు. ఆవిడ ఎక్స్‌రే ఫిల్మును ట్యూబ్‌లైటుకేసి పట్టి, కింద కుడివైపు తెల్లటి మచ్చ చూపించి, "గాలి ఉండాల్సిన చోట నీరు చేరిందండీ" అంది. అంతే, ఆ గోణుల్లోకి గాలి చేరదు, నీటిని దాటే టైము ఆక్సిజన్‌కు లేదు. ముక్కుకు ఆక్సిజన్ మాస్కు పెట్టారు. మిగిలిన గోణుల్లో ఆక్సిజన్ పీడనం పెంచి తేడాను ఎక్కువ చేయడమే ఆ మాస్కు పని. గంటకి 93 వచ్చింది.

నీ ఇంట్లోనో వీధిలోనో ఇలాంటిది చూసే ఉంటావు, వ్యాసాన్ని అక్కడ మొదలుపెట్టు. మూడో పేరా తిరగరాసి ఆదివారంలోగా పంపు, కూర్చుని చదువుతాను.

మీ అక్క