టెస్ట్ ఫెయిలైన లైన్‌కి ఎడిటర్ నేరుగా వెళ్లాలంటే?

ప్రశ్న: విమ్ ఎడిటర్‌లో పైథాన్ కోడ్ రాస్తుంటాను. 'మేక్' కమాండ్‌తో పైటెస్ట్ (పైథాన్ టెస్టులు నడిపే టూల్) నడిపితే క్విక్‌ఫిక్స్ లిస్ట్ (తప్పులున్న లైన్లకి విమ్ తీసుకెళ్లే జాబితా) నిండా చెత్త వస్తోంది, పైగా నా టెస్ట్ బదులు అది పిలిచే ఏదో హెల్పర్ ఫంక్షన్ ఉన్న ఫైల్ తెరుచుకుంటోంది. నెట్‌లో దొరికిన ఎర్రర్‌ఫార్మాట్‌లన్నీ (అవుట్‌పుట్‌లోంచి ఫైల్ పేరు, లైన్ నంబర్ ఎలా తీయాలో విమ్‌కి చెప్పే ప్యాటర్న్‌లు) పెట్టి చూశాను. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ ఎర్రర్‌ఫార్మాట్‌లన్నీ తీసేయండి. పైటెస్ట్ మామూలుగా ఒక్కో ఫెయిల్యూర్‌కి ఫంక్షన్ కోడ్, బాణం గుర్తులు, 'ఈ' అక్షరంతో మొదలయ్యే లైన్లు, అన్నీ కలిపి ఒక పేజీ చూపిస్తుంది, విమ్ మాత్రం దాన్ని లైన్ లైన్‌గా చదువుతుంది, అక్కడే తేడా కొడుతోంది. ఇన్ని లైన్లని అతికించే ప్యాటర్న్ రాయడం కుదురుతుంది కానీ అంత కష్టం అనవసరం. పైటెస్ట్‌నే క్లుప్తంగా చెప్పమనండి: 'టీబీ' ఆప్షన్‌కి 'లైన్' అని ఇస్తే ఫెయిలైన ప్రతి టెస్ట్‌కీ ఒకే లైన్ వస్తుంది, అందులో ఫైల్ పాత్, కోలన్, లైన్ నంబర్, కోలన్, మెసేజ్ ఉంటాయి.

ఇక ఎర్రర్‌ఫార్మాట్‌లో పెట్టే ప్యాటర్న్ చిన్నదే: పర్సెంట్ ఎఫ్ (ఫైల్), కోలన్, పర్సెంట్ ఎల్ (లైన్ నంబర్), కోలన్, స్పేస్, పర్సెంట్ ఎమ్ (మెసేజ్). విమ్ 'సెట్' కమాండ్‌తో రాస్తే ఆ స్పేస్ ముందు బ్యాక్‌స్లాష్ తప్పనిసరి, చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. దీని తర్వాత కామా పెట్టి, మిగతా లైన్లన్నీ వదిలేయమనే మైనస్ జీ ప్యాటర్న్ ఇవ్వండి. వరుస మారకూడదు, ఎందుకంటే మొదట ఏది కుదిరితే విమ్ దాన్నే తీసుకుంటుంది, ఈ రెండోది ముందుకొస్తే లిస్ట్ మొత్తం ఖాళీ.

సరిచూసుకోడానికి ప్రతిసారీ టెస్టులు నడపొద్దు. అవుట్‌పుట్‌ని ఒక ఫైల్‌లో దాచి 'సీగెట్‌ఫైల్' కమాండ్‌తో చదివించండి, ప్యాటర్న్ మార్చినప్పుడల్లా అదే ఫైల్ మళ్లీ చదివిస్తే సరి. అంతా బాగానే ఉన్నా ప్యాటర్న్ పట్టకపోతే ఆ ఫైల్‌లో కలర్ కోడ్‌లు ఉన్నాయేమో చూడండి, ఉంటే పైటెస్ట్‌లో కలర్ ఆపేయండి.

హెల్పర్ సంగతి. అసర్ట్ (ఫలితం సరైందో కాదో చూసే లైన్) ఆ హెల్పర్ ఫంక్షన్‌లో ఫెయిలైంది కాబట్టి పైటెస్ట్ ఆ లైన్‌నే చెబుతోంది, విమ్ తప్పేమీ లేదు. హెల్పర్ ఫంక్షన్ లోపల మొదట్లోనే 'ట్రేస్‌బ్యాక్‌హైడ్' అనే వేరియబుల్‌కి (పేరుకి ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్‌లు) ట్రూ ఇవ్వండి, అప్పుడు దాన్ని పిలిచిన టెస్ట్ లైన్ వస్తుంది. అయితే హెల్పర్‌లోనే బగ్ ఉందని అనుమానం వచ్చిన రోజు దీన్ని తీసేసి చూడండి, లేకపోతే అసలు చోటు కనబడదు.

విఎస్ కోడ్ ఎడిటర్ వాడేవాళ్లకి 'ప్రాబ్లమ్ మ్యాచర్' అనే సెట్టింగ్ ఇదే పని చేస్తుంది. అక్కడ ప్యాటర్న్‌ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా రాస్తారు, అది జేసన్ ఫైల్‌లో ఉంటుంది కాబట్టి ప్రతి బ్యాక్‌స్లాష్‌నీ రెండుసార్లు కొట్టాలి.