ముందు కాళ్లు రాగానే తోకకప్పలు చచ్చిపోతుంటే

గుంటూరులో మేడ మీద టబ్బులో పెంచుతున్నవి ముందు కాళ్లు రాగానే పోతున్నాయన్నారు కదా, రోగం కాకపోవచ్చు. చాలావరకు మునిగిపోయి చస్తున్నాయి. ఆ దశలో మొప్పలు పోయి ఊపిరితిత్తులు పనిలోకి వస్తాయి. టబ్బు గోడ నున్నగా ఉంటే పైకెక్కలేవు. అందరూ మరిచిపోయేది ఇదే.

1. నీళ్లు రెండంగుళాలకు తగ్గించండి. గరుకు రాయో పెంకు ముక్కో ఏటవాలుగా పెట్టండి. పైభాగం నీటి బయట ఉండాలి.
2. తోక కరిగేదాకా మేత వద్దు, ఆ తోకే వాటికి తిండి. మిగిలిన పాలకూర తీసేయండి.
3. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. ఒక రోజు మూత లేకుండా ఉంచి పోయండి.
4. టబ్బు నీడలో పెట్టండి (మన ఎండల సంగతి తెలిసిందే).
5. తోక పోయాక తెచ్చిన కుంట దగ్గరే వదిలేయండి.