సహాయకుల సందేహాలు: చక్రాల కుర్చీలో ఉన్నవారి దగ్గర నేర్చుకునే పని

వికలాంగులకు రోజూ తోడుండి పనిచేసే అటెండెంట్లు, ఆయాలు పంపిన ప్రశ్నల్లో నాలుగింటికి ఈసారి జవాబులిస్తున్నాం. వెన్నుపాము దెబ్బతిన్నవారి దగ్గర పనిచేసేవారే ఎక్కువగా రాశారు కాబట్టి జవాబులు కూడా అటువైపే మొగ్గాయి.

చక్రాల కుర్చీ వాడే ఒక అన్న దగ్గర రెండేళ్లుగా పగటి డ్యూటీ చేస్తున్నాను. మంచం మీంచి కుర్చీలోకి మార్చేటప్పుడు నడుం పట్టేస్తోంది. పైగా ఆయన ప్రతిసారీ "అలా కాదు, ఇలా పట్టుకో" అంటారు. పని తెలిసినవాణ్ణే కదా అని మనసు చివుక్కుమంటోంది.
– ఒక అటెండెంట్, హనుమకొండ

ఆయన చెప్పేది చివరిదాకా వినండి, మీ నడుం నొప్పి సగం అక్కడే తగ్గుతుంది. ఏ కాలు ఎప్పుడు బిగుసుకుంటుందో, ఏ భుజం లాగితే కలుక్కుమంటుందో తెలిసింది ఆయనకే. పోలియోతో మెడ కింద భాగమంతా చచ్చుబడిన ఎడ్ రాబర్ట్స్ 1962లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో చేరారు. తోటివారితో కలిసి 1972లో అక్కడే వికలాంగులే నడుపుకునే స్వతంత్ర జీవన కేంద్రం పెట్టారు. అటెండెంటును ఎంచుకోవడం, అతనికి పని నేర్పడం, కుదరకపోతే మార్చుకోవడం వికలాంగుల చేతిలోనే ఉండాలని వీరి స్వతంత్ర జీవన ఉద్యమం పట్టుబట్టింది. మీ అన్న చేస్తున్నదీ అదే. తన ఒంటిని ఎలా పట్టుకోవాలో రోజుకు పదిసార్లు, విసుక్కోకుండా, ఇంకొకరికి చెప్పాల్సి రావడం ఎంత కష్టమో ఒక్కసారి ఆలోచించండి.

ఇక మార్చే పద్ధతి. కుర్చీని మంచానికి ఆనించి, 30 నుంచి 45 డిగ్రీల ఏటవాలుగా పెట్టండి. రెండు బ్రేకులూ వేసి, కుర్చీని ఒకసారి గట్టిగా తోసి చూడండి. టైరులో గాలి తగ్గితే బ్రేకు వేసినా చక్రం జారుతుంది. చాలామంది కింద పడేది ఇక్కడే, కాబట్టి వారానికోసారి గాలి చూడాలి. మంచం వైపున్న చేతిపట్టీ, కాళ్లు పెట్టుకునే పలకలు తీసేయండి. మంచం కుర్చీ సీటుకన్నా కొంచెం ఎత్తుంటే కుర్చీలోకి జారడం తేలిక. నున్నటి జారుడు పలక ఒక కొనను ఆయన తొడ కిందికి నెట్టి, రెండో కొన సీటు మీద బాగా ఆనేలా పెట్టండి. ఒంటి చర్మం పలకకు అంటుకుని గీరుకుపోతుంది కాబట్టి మధ్యలో బట్ట ఉండాలి.

అసలు కిటుకు తల దగ్గరుంది. ఆయన ముందుకు వంగి, తలను కుర్చీ లేని వైపుకు తిప్పితే పిరుదులు కుర్చీ వైపు వాటంతటవే తేలికవుతాయి. మీరు మోకాళ్లు వంచి, ఆయన నడుముకు కట్టిన బెల్టు పట్టుకుని, ఆయన "ఒకటి, రెండు, మూడు" అన్నాకే కదలండి. లెక్క మీరు పెడితే ఆయన ఒళ్లు సిద్ధంగా ఉండదు, బరువంతా మీ మీద పడుతుంది. చంకల్లో చేతులు పెట్టి ఎత్తొద్దు, ఆయన భుజం కీలు జారే ప్రమాదం ఉంది. పాదాలు కదపకుండా నడుం మెలితిప్పితే దెబ్బ మీకు. ఆయన చేతులతో ఏమాత్రం ఊతం ఇవ్వలేకపోతే ఇది ఒక్కరి పని కాదు. ఇద్దరుండాలి, లేదా ఎత్తే యంత్రం కావాలి. ఆ మాట ఇంట్లోవాళ్లకు మొహమాటం లేకుండా చెప్పండి.

నేను చూసుకునే అక్కకు కండరాల క్షీణత. ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. నేనేమో సాయంత్రానికి విసిగిపోయి కసురుకుంటున్నాను. ఆ ఓర్పు నాకెలా వస్తుంది?
– ఒక సహాయకురాలు, తెనాలి

నవ్వు చూసి ఓర్పును లెక్కగట్టకండి. మీరు అలిగి పని మానేస్తే తన గతేమిటన్న భయంతో నవ్వేవాళ్లూ ఉంటారు. ఆమె దగ్గర నేర్చుకోవాల్సింది రోజును పంచుకునే తీరు. బలం తగ్గిన కండరాన్ని సొమ్మసిల్లేదాకా వాడితే తేరుకోవడానికి రోజులు పడుతుంది. అందుకే ఈ జబ్బుతో ఏళ్ల తరబడి బతికినవారు అలసట రాకముందే ఆగుతారు. తలస్నానం ఉన్న రోజు ఆసుపత్రి ప్రయాణం పెట్టుకోరు. మాట్లాడాల్సిన పని ఉంటే అన్నం తినగానే పెట్టుకోరు.

మీరూ అలాగే చేయండి. ఒంటి బలం కావాల్సిన పనులు, అంటే స్నానం, మంచం మార్చడం, బయటికి తీసుకెళ్లడం ఒక కాగితం మీద రాసి, ఒక్కో పూటకు రెండుకు మించకుండా సర్దండి. ప్రతి పెద్ద పని తర్వాత పది నిమిషాలు కూర్చోండి. పొద్దున్నే ఆమెతో "అక్కా, ఇవాళ నాకు ఒంట్లో బాగాలేదు, తడిబట్టతో తుడిచి సరిపెడదామా?" అని అడగండి. రోజూ ఇలాంటి సర్దుబాట్లు చేసుకునే మనిషి కాబట్టి ఆ మాట ఆమెకు తొందరగా అర్థమవుతుంది. కసురుకున్న రోజు క్షమించమని అడగండి. నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం రెండు వారాలు దాటితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న మా బాబుగారికి హఠాత్తుగా తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు. కంగారుపడి పడుకోబెట్టాను. అలా చేయకూడదని తర్వాత తెలిసింది. ఏం చేయాలి?
– ఒక అటెండెంట్, కాకినాడ

ఛాతీ భాగంలోని ఆరో పూస దగ్గరగానీ, దానికి పైనగానీ వెన్నుపాము దెబ్బతిన్నవారికి ఇది రావచ్చు. డాక్టర్లు దీన్ని అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. మూత్రసంచి నిండినా, మలం గట్టిపడినా, కాలిగోరు లోపలికి పెరిగినా ఆ బాధ మెదడుకు సరిగా చేరదు. కింది భాగంలో రక్తనాళాలు బిగుసుకుని బీపీ ఎగబాకుతుంది. వీరికి మామూలుగా పై బీపీ 90 నుంచి 110 మధ్యే ఉంటుంది కాబట్టి 140 కూడా ప్రమాదమే.

వెంటనే నిటారుగా కూర్చోబెట్టి కాళ్లు కిందికి వేలాడదీయండి. బెల్టు, బూట్లు, కాలికి కట్టిన సంచి పట్టీ, అన్నీ వదులు చేయండి. మూత్రం గొట్టం మెలిపడిందేమో, సంచి నిండిందేమో చూడండి. చాలాసార్లు కారణం ఇదే. గొట్టం లేనివారికి మీకు నేర్పి ఉంటే గొట్టం వేసి మూత్రం తీయండి. 2 నుంచి 5 నిమిషాలకోసారి బీపీ చూడండి. మలం కోసం తొందరపడి వేలు పెట్టొద్దు, బీపీ ఇంకా పెరుగుతుంది. కారణం దొరక్కపోయినా, బీపీ దిగకపోయినా 108కి ఫోన్ చేయండి. అంబులెన్సు వచ్చేదాకా కూర్చోబెట్టే ఉంచండి.

ఇది ఒకసారి వచ్చినవారికి ముందే జాడ తెలుస్తుంది. ఒకరికి ముక్కు బిగుస్తుంది, ఇంకొకరికి చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుంటాయి. బాబుగారికి ఏది ముందొస్తుందో అడిగి, ఆయన మామూలు బీపీతో కలిపి ఒక కార్డు మీద రాసి కుర్చీకి కట్టండి. ఏమీ లేని రోజున ఆయన చెబుతుంటే మీరు ఒకసారి చేసి చూడండి. అలవాటైన చేతులు ఆపదలో వణకవు.

నేను సెలవు పెడితే ఆయన మంచం దిగలేరు. ఊళ్లో పెళ్లికి కూడా వెళ్లలేకపోతున్నాను.
– ఒక అటెండెంట్, కరీంనగర్

ఒక్క మనిషి మీదే ఆధారపడ్డ ఏర్పాటు ఆయనకూ ప్రమాదమే. 1977 ఏప్రిల్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో వికలాంగులు తమ హక్కుల నిబంధనల కోసం ప్రభుత్వ భవనంలో మూడు వారాలకు పైగా బైఠాయించారు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉన్న బ్రాడ్ లోమాక్స్‌కు తోడుగా వచ్చిన చక్ జాక్సన్ అక్కడ మరికొందరికీ సాయం చేశారు. నల్లజాతివారి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ వాళ్లు వేడి భోజనం తెచ్చిపెట్టారు. సాయం పదిమంది చేతుల్లో ఉండబట్టే అన్నాళ్లు నిలబడగలిగారు.

రెండో మనిషిని ఇప్పుడే చూడండి. రెండు మూడు రోజులు మీ పక్కన ఉంచండి, పని చెప్పడం మాత్రం ఆయనకే వదిలేయండి. ఒక నోటుపుస్తకంలో ఇవి రాసిపెట్టండి: మూత్రం గొట్టం వేసే వేళలు (సాధారణంగా 4 నుంచి 6 గంటలకోసారి), రాత్రి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పే వేళలు (2 గంటలకోసారి, డాక్టరు వేరుగా చెప్పకపోతే), కుర్చీలో అరగంటకోసారి ముందుకు వంచి 2 నిమిషాలు ఉంచడం. గాలి దిండు వాడుతుంటే అది కూర్చునేవారి బరువును బట్టి గాలి తీయాల్సిన వస్తువని కొత్తవారికి తెలియదు. ఆయన కూర్చున్నాక దిండుకీ పిరుదుల ఎముకకీ మధ్య చెయ్యి పెట్టి చూడమనండి. ఎముకకూ దిండు అడుగుకూ మధ్య అర అంగుళం నుంచి అంగుళం దాకా గాలి ఉంటే సరి. ఎక్కువుంటే మనిషి ఊగుతాడు, తక్కువుంటే ఎముక అడుక్కి తగిలి పుండు పడుతుంది.