కెమెరా ఏ కంపెనీది కొనాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న. బతుకమ్మ, జాతరలు, పానగల్లు గుళ్లు తీయాలని ఉంది. చేతిల 70 వేలు ఉన్నయి. మా బావ కెనాన్ అంటడు, స్టూడియో అన్న నికాన్ అంటడు, వీడియోలల్ల అందరూ సోనీ అంటున్నరు. ఏది మంచిది సార్?
– మిర్యాలగూడ

జవాబు: ముగ్గురి మాటలోనూ తప్పు లేదు, అందుకే మీకు తెగడం లేదు. క్రాప్ సెన్సర్ (ఫోటోను పట్టే చిప్పు చిన్న సైజుది), 24 మెగాపిక్సెళ్ల దగ్గర ఈ కంపెనీల కెమెరాలతో తీసిన ఫోటోలు పక్కపక్కన పెడితే ఏది దేనిదో చెప్పడం పాతకాపులకే కష్టం. నికాన్, ఫూజీ కెమెరాల్లోని సెన్సర్లు చాలావరకు సోనీ తయారుచేసినవే. కాబట్టి ఫోటో నాణ్యత చూసి కంపెనీని తేల్చుకోలేరు. తేల్చాల్సింది మౌంటు, అంటే లెన్సు బిగించే ఆ లోహపు రింగు. బాడీని, అంటే లెన్సు కాక మిగిలిన కెమెరాను, నాలుగైదేళ్లకు అమ్మేసి కొత్తది తెచ్చుకుంటారు. మౌంటు మారిస్తే మాత్రం కొన్న లెన్సులన్నీ అమ్ముకోవాలి.

ఇప్పుడు కొత్త కెమెరాకు మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని రకం) వైపే వెళ్లండి. కెనాన్ ఆర్ఎఫ్, నికాన్ జెడ్ మౌంట్లు 2018లో, సోనీ ఈ మౌంటు 2010లో, ఫూజీ ఎక్స్ మౌంటు 2012లో వచ్చాయి. మొన్నమొన్నటి దాకా చవకైన లెన్సుల విషయంలో కెనాన్ ఆర్ఎఫ్ వెనకబడి ఉండేది. 2024లో క్రాప్ సెన్సర్ కెమెరాల కోసం ఆ మౌంటుకు లెన్సులు చేసుకోవచ్చని సిగ్మా, టామ్రాన్ కంపెనీలకు కెనాన్ అనుమతి ఇచ్చింది. దాంతో సిగ్మా 30 ఎంఎం ఎఫ్/1.4 లాంటి లెన్సు ఇప్పుడు ఈ నాలుగు మౌంట్లకూ దొరుకుతోంది. (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుతురు లోపలికి పంపుతుంది.) సెకండ్‌హ్యాండ్ లెన్సుల లెక్కలో సోనీది ఇంకా పైచేయే.

ఇక మీరు తీయాలనుకున్నవాటి సంగతి. గుడి వేరు, బతుకమ్మ వేరు. పానగల్లు ఛాయా సోమేశ్వరంలో గర్భగుడిలో పగలంతా నిలిచి ఉండే ఆ స్తంభపు నీడను తీయాలంటే ఖరీదైన లెన్సు అక్కర్లేదు. రాయి కదలదు. స్టెబిలైజేషన్ (వణుకును తగ్గించే ఏర్పాటు) ఉన్న, కెమెరాతో పాటే వచ్చే కిట్ లెన్సుతో, మోచేతులు ఒంటికి ఆనించి, సెకనులో 15వ వంతు షట్టర్‌తో ఐదారు తీస్తే రెండైనా పదునుగా వస్తాయి. ఫోటోకు అనుమతి ఉందో లేదో పూజారిని అడగండి. ఎక్స్‌పోజర్ (ఫోటోకు అందే వెలుతురు మోతాదు) నీడ చుట్టూ ఉన్న వెలుతురుకు పెట్టండి. మొత్తం చీకటి మండపాన్ని చూసి కెమెరా తానే తేల్చుకుంటే గోడ తెల్లగా పాలిపోయి నీడ పలుచనైపోతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 1 నుంచి మొదలుపెట్టి చూడండి.

బతుకమ్మ దగ్గర స్టెబిలైజేషన్ పనికిరాదు. అది మీ చేతి వణుకును ఆపుతుంది గానీ చప్పట్లు కొడుతూ తిరిగే చేతుల్ని ఆపలేదు. దానికి కనీసం 1/200 సెకను షట్టర్ కావాలి. పొద్దుగూకాక వీధిలైట్ల కింద కిట్ లెన్సు ఎఫ్/5.6 దగ్గర ఐఎస్ఓ (వెలుతురును పెంచి చూపే అమరిక, పెరిగేకొద్దీ ఫోటో గరుకవుతుంది) 12800 అడిగిందనుకోండి, ఎఫ్/1.8 లెన్సు అదే ఫోటోను ఐఎస్ఓ 1250–1600తో ఇస్తుంది. లోపలికి వచ్చే వెలుతురు దాదాపు పది రెట్లు. ఏ కంపెనీ కొత్త బాడీ కొన్నా ఇంత తేడా రాదు. అందుకే డెబ్బై వేలూ బాడీకే పోయకండి. కిట్‌తో కలిపి బాడీకి మూడొంతులు, మిగతాది ఒక ప్రైమ్ లెన్సుకు (జూమ్ లేనిది), వీ30 అనే వేగం గుర్తున్న 64 జీబీ కార్డుకు, రెండో బ్యాటరీకి. ప్రైమ్ సెకండ్‌హ్యాండ్‌దైనా సరే. అందరూ 50 ఎంఎం కొనమంటారు, కానీ కెనాన్ క్రాప్ సెన్సర్ మీద అది 80 ఎంఎంలా దగ్గరగా చూపిస్తుంది, ఇంటి వాకిట్లో వెనక్కి జరగడానికి చోటుండదు. 24 నుంచి 35 మధ్యది చూడండి.

బాడీల్లో కెనాన్ ఆర్50, నికాన్ జెడ్50 మీ పనికి సరిపోతాయి, సోనీ ఏ6400 అయినా మంచిదే. నికాన్ జెడ్30, సోనీ జెడ్‌వీ-ఈ10 కాస్త తక్కువకు వస్తాయి గానీ వాటికి కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు. ఎండాకాలం సాగర్ కట్ట మీద మిట్టమధ్యాహ్నం నిలబడి స్క్రీన్ చూస్తే మీ ముఖమే కనిపిస్తుంది. కెనాన్ ఆర్100కు టచ్ స్క్రీన్ లేదు, స్క్రీన్ తిరగదు కూడా. మా మాట అడిగితే, రెండు కెమెరాల మధ్య ఊగిసలాడుతున్నప్పుడు మీ చుట్టుపక్కల లెన్సు అరువిచ్చేవాళ్ల దగ్గర ఏ మౌంటు ఉందో అదే తీసుకోండి.

ప్రశ్న: పెళ్లిళ్ల ఫోటోగ్రఫీ నేర్చుకుంటున్నాను. ఒక స్టూడియో వాళ్లు కెనాన్ ఎం50 అమ్ముతామంటున్నారు. ఇంకొకరు 200డీ మార్క్ 2 ఇస్తామంటున్నారు. రెండూ కెనానే కదా, ఏది తీసుకోమంటారు? పాత కెమెరా కొనేటప్పుడు ఏం చూడాలి?
– మహబూబ్‌నగర్

జవాబు: రెండూ కెనానే, కానీ మౌంట్లు వేరు. ఎం50ది ఈఎఫ్-ఎం మౌంటు. దాన్ని కంపెనీ ఆపేసింది. రేపు ఆర్ఎఫ్ కెమెరాకు మారితే ఆ లెన్సులు వెంట రావు, అడాప్టర్ కూడా చేయలేరు. లెక్క చూడండి: ఈఎఫ్-ఎం లెన్సు సెన్సర్‌కు 18 మిల్లీమీటర్ల దూరంలో కూర్చోవాలి, ఆర్ఎఫ్ మౌంటే 20 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. మధ్యలో అడాప్టర్‌కు జాగా ఎక్కడిది? 200డీ మార్క్ 2కు పట్టే ఈఎఫ్ లెన్సులది 44 మిల్లీమీటర్లు. మిగిలిన 24 మిల్లీమీటర్లలో అడాప్టర్ హాయిగా పడుతుంది, ఆటోఫోకస్ కూడా పనిచేస్తుంది. ఇంట్లో పిల్లల ఫోటోలకు, వీడియోలకు ఎం50 ఇప్పటికీ ముద్దుగానే ఉంటుంది. దాని మీద లెన్సులు కొంటూ పోవడమే దండుగ.

అలాగని పెళ్లిళ్లకు 200డీ మార్క్ 2 మంచిదని కాదు. దాని హాట్‌షూ (పైన ఫ్లాష్ బిగించే చోటు) మధ్యలో ఉండాల్సిన పిన్ను లేదు. స్టూడియోల్లో వాడే చవక రకం మాన్యువల్ ట్రిగ్గర్లు (దూరంగా పెట్టిన లైటును వెలిగించేవి) ఆ పిన్ను మీదే పేలుతాయి. కెమెరా క్లిక్ అంటుంది, లైటు వెలగదు. కెనాన్ కోసమే చేసిన టీటీఎల్ (ఫ్లాష్ వెలుతురును కెమెరాయే లెక్కకట్టే) ట్రిగ్గర్ కొనాలి. కొత్త ఆర్50లో ఇంకో చిక్కు: దాని షూలో పాత కాంటాక్టులు లేవు, మామూలు ఫ్లాష్ పెట్టాలంటే ఏడీ-ఈ1 అనే అడాప్టర్ ముక్క కావాలి. మీరు పనిచేయబోయే స్టూడియో ట్రిగ్గర్‌ను జేబులో వేసుకెళ్లి, అమ్మేవాళ్ల ముందే పెట్టి చూడండి.

స్టూడియో వాళ్లు నికాన్ అయితే పాత డీ7200 దొరుకుతుందేమో వెతకండి. రెండు కార్డు స్లాట్లున్నాయి. జీలకర్రబెల్లం ముహూర్తంలో ఒక కార్డు మొరాయించినా రెండో దాంట్లో ఫోటో ఉంటుంది. బాడీలోనే ఫోకస్ మోటారు ఉంది కాబట్టి పాత 50 ఎంఎం ఎఫ్/1.8డీ లెన్సు కూడా ఆటోఫోకస్ అవుతుంది. అదే లెన్సు డీ3500, డీ5600ల మీద గానీ, పాత లెన్సును జెడ్ మౌంటుకు బిగించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో జెడ్ బాడీ మీద గానీ పెడితే చేత్తో తిప్పుకోవాల్సిందే.

ఇక పాత కెమెరా పరీక్ష. కోఠిలో కొన్నా, మీ ఊళ్లోనే కొన్నా పగటిపూట వెళ్లండి, మీ కార్డు మీరే తీసుకెళ్లండి.

మొదట షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులయ్యాయో ఆ లెక్క. చిన్న డీఎస్ఎల్ఆర్‌ల (లోపల అద్దమున్న కెమెరాల) షట్టర్‌ను సుమారు లక్ష క్లిక్కుల లెక్కన చేస్తారు, పెళ్లిళ్లు తిరిగిన బాడీ దాన్ని తేలిగ్గా దాటేస్తుంది. నికాన్‌లో ఆ అంకె ఫోటో ఫైలులోనే ఉంటుంది. కెనాన్‌లో చాలా మోడళ్లకు యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపి సాఫ్ట్‌వేర్‌తో చదవాలి. లక్ష దాటిందని వెంటనే పాడైపోదు, కానీ షట్టర్ మార్పిడి ఖర్చు ధరలో తగ్గించమనండి.

తర్వాత సెన్సర్. ఎఫ్/16, ఐఎస్ఓ 100, ఫోకస్ మాన్యువల్‌లో బాగా తప్పించి, తెల్ల గోడనో ఆకాశాన్నో తీసి జూమ్ చేయండి. మసక మసక నల్లచుక్కలు దుమ్ము, శుభ్రం చేయిస్తే పోతుంది. సన్నటి గీతలా, ఎన్ని ఫోటోలు తీసినా అదే చోట కనిపిస్తే అది గీత. వదిలేయండి.

లెన్సు విప్పి వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. గాజు మీద సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే ఫంగస్. తుడిపించినా పూత తినేసి ఉంటుంది, పైగా మళ్లీ వస్తుంది. అలాంటి లెన్సును మంచివాటి పక్కన సంచీలో కూడా పెట్టకండి. జూమ్ రింగు తిప్పితే గరగర అంటే ఇసుక చేరిందన్నమాట. ఒక దినపత్రికను గోడకు అంటించి తిన్నగా తీయండి. మూడు మూలలు పదునుగా ఉండి ఒకటే మసకబారితే లెన్సు ఎప్పుడో కిందపడి ఉండొచ్చు. స్క్రీన్‌ను పూర్తిగా తిప్పుతూ చూడండి, మధ్యలో ఎక్కడైనా మినుకుమంటే లోపలి ఫ్లెక్స్ తీగ తెగబోతోంది. స్క్రూల తలలు అరిగి ఉన్నా, బ్యాటరీ ఉబ్బి స్లాట్‌లోంచి బిగుతుగా వస్తున్నా ధర మాట్లాడకముందే లేచి వచ్చేయొచ్చు. బిల్లు మీది సీరియల్ నంబరు బాడీ కింది నంబరుతో కలవాలి. బిల్లు లేదంటే అమ్మేవారి గుర్తింపు కార్డు నకలు, సంతకంతో రసీదు అడగండి. దొంగ సొత్తయితే పోలీసులు మీ ఇంటికే వస్తారు.

ప్రశ్న: మాది నేత కుటుంబం. ఇక్కత్ చీరల ఫోటోలు వాట్సాప్‌లో పెట్టి అమ్ముతున్నాం. రంగు తేడా ఉందని చీరలు తిరిగొస్తున్నాయి. రంగులకు ఏ కంపెనీ కెమెరా మంచిది?
– భూదాన్ పోచంపల్లి

జవాబు: కెమెరా కొనకండమ్మా, ఇప్పుడే వద్దు. మీ రంగు చెడుతున్నది వెలుతురు దగ్గర. కిటికీలోంచి నీలి ఛాయ, పైనుంచి ట్యూబులైటు ఆకుపచ్చ ఛాయ ఒకే చీర మీద పడితే ఏ కంపెనీ కెమెరా సరిచేయలేదు, ఎందుకంటే ఒక సగానికి సరిపోయిన దిద్దుబాటు రెండో సగాన్ని పాడుచేస్తుంది. లైట్లన్నీ ఆర్పేయండి. పొద్దున పది, పదకొండు మధ్య ఎండ నేరుగా పడని వరండాలో తీయండి. పక్కన రంగు గోడ గానీ ఎర్ర పరదా గానీ ఉండొద్దు, దాని ఛాయ పట్టు మీద తేలుతుంది. ఫోన్‌లో ప్రో మోడ్ పెట్టి వైట్ బ్యాలెన్స్ (వెలుతురు ఛాయను సరిచేసే అమరిక) 5500 దగ్గర ఆపేయండి. మొదటి ఫోటోలో చీర పక్కన గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిదరంగు అట్ట) పెట్టి, దాంతో దిద్దుకుని, అదే దిద్దుబాటు మిగతా ఫోటోలన్నింటికీ వేయండి. రెండు రెట్ల జూమ్ లెన్సుతో వెనక్కి జరిగి తీస్తే అంచు వంకర పోదు. జరీ తెల్లగా మెరిసిపోతుంటే ఎక్స్‌పోజర్ కొద్దిగా తగ్గించండి.

ఇక్కత్‌లో ఇంకోటి ఉంది. సన్నటి నేత గళ్లు, సెన్సర్ గళ్లు ఒకదానిమీద ఒకటి పడినప్పుడు చీరలో లేని ఇంద్రధనస్సు చారలు పుడతాయి. దాన్ని మోయిరే అంటారు. కొన్నవాళ్లు రంగు తేడా అంటున్నది దాన్నే కావచ్చు. ఫోటోను పూర్తి సైజులో చూడండి. అక్కడ కూడా చారలుంటే అడుగు ముందుకో వెనక్కో జరిగి మళ్లీ తీయండి, పోతాయి. చిన్నది చేసి చూసినప్పుడే కనిపిస్తే అది మీ ఫోన్ స్క్రీన్ పుట్టించింది. ఇవన్నీ చేశాక కూడా కెమెరా కావాలనిపిస్తే ట్రైపాడ్, సీఆర్ఐ (రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే అంకె) 95 పైన ఉన్న రెండు ఎల్ఈడీ లైట్లు ముందు కొనండి.

ప్రశ్న: నల్లమలలో పక్షులు తీయాలి. ఏ సిస్టమ్?
– అచ్చంపేట

జవాబు: ఇక్కడ మాత్రం బాడీ కంటే ముందు టెలీ లెన్సు ధర అడిగి రండి. కెనాన్ ఆర్ఎఫ్ 100-400 బరువు 635 గ్రాములే, క్రాప్ బాడీ మీద 640 ఎంఎం వరకు పోతుంది, కానీ జూమ్ చివర్లో ఎఫ్/8, వెలుతురు తక్కువ. తెల్లవారుజామున చెట్ల నీడలో ఇబ్బంది పెడుతుంది. సోనీ 70-350 చివర్లో ఎఫ్/6.3, 525 ఎంఎంతో సమానం, ధర ఎక్కువ. నికాన్ 50-250 నేర్చుకోవడానికి చాలు, నెమలికి సరిపోతుంది, పిచ్చుకకు సరిపోదు. షట్టర్ వేగం 1/1000 కంటే తగ్గించకండి. ఎండాకాలం తొమ్మిది దాటాక దూరపు ఫోటోలు మసకగా వస్తే లెన్సును తిట్టకండి, నేలమీంచి లేచే వేడిగాలి అలలే కారణం. ఎంత ఖరీదు లెన్సూ దాన్ని దాటలేదు. పెందలాడే వెళ్లండి, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపలికైతే అటవీశాఖ అనుమతితోనే.

ప్రశ్న: జాతరలో లెన్సు మార్చితే దుమ్ము పడుతోంది. ఏం చేయాలి?
– ఆత్మకూరు

జవాబు: కురుమూర్తి జాతర లాంటి చోట మార్చకపోవడమే మంచిది, ఇంటి దగ్గరే ఒక లెన్సు బిగించుకుని వెళ్లండి. తప్పదంటే కెమెరా ఆపేసి, గాలికి వీపు పెట్టి, బాడీ మూతి నేలవైపు ఉంచి, రెండో లెన్సు వెనక మూత ముందే సడలించి పెట్టుకుని మార్చండి. పడ్డ దుమ్మును నోటితో ఊదకండి, తుంపర్లు పడి మరకలవుతాయి. రబ్బరు బ్లోయర్‌తో, బాడీని తలకిందులుగా పట్టుకుని ఊదండి.