అసలు పేమెంటు ఆగింది, దొంగ పేమెంటు పోయింది

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్‌ల అడ్తి దుకాణం మాది. మిర్చి సీజన్‌ల రైతులకు వరుసగా పైసలు పంపుతుంటే బ్యాంకు నడుమనే ఆపేస్తుంది. మా బావమరిదికి ఫోన్ చేసి, మాటల్లో పెట్టి, ఆయనతోనే పంపించుకున్న 90 వేలు మాత్రం సాఫీగా పోయినయి. ఇదేం లెక్క?
– వరంగల్

జవాబు: నిజంగా లెక్కే. లక్ష చెల్లింపుల్లో 10 మోసపువి అనుకోండి. మోసాలు పట్టే బ్యాంకు సాఫ్ట్‌వేర్ ఆ పదిలో 9 పడుతుంది, మంచివాటిని నూటికి ఒక్కదాన్నే తప్పుగా ఆపుతుంది. చాలా గట్టిదే కదా? అయినా మొత్తం ఆగేవి సుమారు 1,009. వాటిలో మోసాలు 9, మిగతా వెయ్యీ మీలాంటి వారివి. ఈ వెయ్యిని తగ్గించాలని జల్లెడ కన్నాలు పెద్దవి చేస్తే, ఆ తొమ్మిదిలోనూ కొన్ని జారిపోతాయి.

ఆ సాఫ్ట్‌వేర్‌కు మిర్చి తెలియదు, మీ ఖాతా పాత నడకే తెలుసు: ఎంత మొత్తం, ఏ వేళ, ఏ ఫోన్, అందుకునేది పాతవారా కొత్తవారా. నెలల తరబడి మందకొడిగా ఉన్న ఖాతా ఫిబ్రవరిలో ఒక్క పూటలో 40 మంది కొత్తవారికి పంపితే ఉలిక్కిపడుతుంది. మీ బావమరిది తన ఫోన్‌లో, తన పిన్ తానే కొట్టారు. పంపే వైపు వింతేమీ లేదు. వింతంతా అందుకునే వైపు ఉంటుంది: వేర్వేరు ఊళ్ల నుంచి డబ్బు పడటం, నిమిషాల్లో ఖాళీ కావడం. దొంగలు డబ్బు మళ్లించడానికి వాడుకునే ఇలాంటి అద్దె ఖాతాలను పసిగట్టడానికే రిజర్వ్ బ్యాంకు ఇన్నోవేషన్ హబ్ మ్యూల్‌హంటర్ అనే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసింది.

వ్యాపారం సేవింగ్స్ ఖాతాలో నడుపుతుంటే కరెంట్ ఖాతాకు మారండి. సీజన్‌కు ముందే బ్రాంచిలో రాతపూర్వకంగా చెప్పండి, రైతుల ఖాతాలను రెండ్రోజుల ముందే మీ చెల్లింపుల జాబితాలో చేర్చుకోండి. ఆగిన మొత్తాన్ని చిన్న ముక్కలు చేసి మళ్లీ మళ్లీ పంపకండి, అనుమానం ఇంకా పెరుగుతుంది.

ప్రశ్న: దుకాణం కంప్యూటర్‌లోని ట్యాలీని (లెక్కల సాఫ్ట్‌వేర్) ఇంటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో చూస్తాను. ఎవరైనా చొరబడుతున్నారా అని తెలుసుకునేదెలా?
– హనుమకొండ

జవాబు: కంప్యూటర్‌లో జరిగినవి నమోదయ్యే లాగ్‌లను చూపే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సెక్యూరిటీకి వెళ్లి, 4625 నంబరుతో వడకట్టండి. అవి విఫలమైన లాగిన్‌లు. రోజుకు రెండు మూడైతే మీ వేళ్ల తప్పే. అర్ధరాత్రి వందల్లో, అడ్మిన్, టెస్ట్ లాంటి పేర్లతో ఉంటే ఎవరో పాస్‌వర్డ్‌లు వరుసగా వేసి చూస్తున్నట్టు. వాటి వెనకే అదే ఐపీ చిరునామా నుంచి 4624, అంటే సఫలమైన లాగిన్, కనిపిస్తే తలుపు తెరుచుకుందన్నమాట. వెంటనే నెట్ తీగ పీకేయండి.

ఈ లాగ్ మామూలుగా 20 ఎంబీయే. దాడి జోరుగా ఉంటే పాతవి చెరిగిపోతాయి. ప్రాపర్టీస్‌లో 1 జీబీకి పెంచండి. సంస్థలు లాగ్‌లను 180 రోజులు దాచాలని 2022లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. మీకూ అదే మంచి కొలత. రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును మార్చడం వల్ల ఒరిగేది తక్కువ. రౌటర్‌లో దాన్ని మూసి, వీపీఎన్ (బయటివారికి కనబడని రహస్య దారి) మీదుగా రండి. చొరబడినవారి చేతికి చిక్కకుండా, ట్యాలీ బ్యాకప్ తీసిన డిస్కును కంప్యూటర్‌కు తగిలించి ఉంచకండి.

ప్రశ్న: వాట్సాప్‌లో వచ్చిన చలాన్ ఏపీకే ఫైలు నొక్కి ఇన్‌స్టాల్ చేశాను. ఇప్పుడేం చేయాలి?
– కరీంనగర్

జవాబు: డేటా, వైఫై ఆపి, సిమ్ తీసి మామూలు బటన్ ఫోన్‌లో వేయండి. ఆ దొంగ యాప్‌కు కావలసింది మీ ఓటీపీ మెసేజ్‌లే. ఆ బటన్ ఫోన్ నుంచే ##002# డయల్ చేస్తే ఎవరైనా పెట్టిన కాల్ ఫార్వార్డింగ్ రద్దవుతుంది. తర్వాత బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేటప్పుడు 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు చేతిలో ఉంచుకోండి, అవతలి ఖాతా ఖాళీ కాకముందే ఆపగలిగేది దానితోనే. సోకిన ఫోన్‌లో ఫొటోలు మాత్రం దాచుకుని, ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.