బ్రేక్ పైపు మూతి మడత – మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల బ్రేక్ ఆయిల్ మార్చడం గురించి రాస్తూ చివర్లో ఒక్క ముక్క, "పైపు తుప్పు పట్టి ఉంటే కొత్తది చేయించుకోండి" అని రాసి వదిలేశాను. ఆ ఒక్క ముక్కకే ఉత్తరాలన్నీ. ఎవరు చేస్తారు, ఎలా చేస్తారు, టూలు కొనుక్కుని మనమే చేసుకోలేమా అని. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: నా దగ్గర పాత విల్లీస్ జీపు ఉంది. సముద్రపు గాలికి వెనక ఇరుసు మీది బ్రేక్ పైపు తుప్పు పట్టి కారడం మొదలైంది. మా బావమరిది ఏసీ మెకానిక్, పైపు మూతి విప్పే ఫ్లేరింగ్ టూల్ ఆయన దగ్గరే ఉంది కదా అని స్టీలు పైపు తెచ్చి చేయించాను. రెండు రోజులు బాగానే ఉంది, మూడో రోజు నట్టు దగ్గర చెమ్మ. ఎంత బిగించినా ఆగట్లేదు. ఏసీ గ్యాసుని ఆపే జాయింటు బ్రేక్ ఆయిల్‌ని ఎందుకు ఆపదు? (కాకినాడ)

జవాబు: ముందు ఆ జీపు బయటికి తీయడం ఆపండి. అంత పాత జీపుల్లో మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ తొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి తోసేది) ఒకటే సర్క్యూట్, అంటే ఆయిల్ వెళ్ళే దారి ఒకటే, ఒక్క పైపు పోయిందంటే నాలుగు చక్రాలకీ బ్రేకు పోయినట్టే. ఈ కాలం కార్లలో రెండు సర్క్యూట్లు ఉంటాయి కాబట్టి ఒకటి పోయినా రెండోది ఎంతో కొంత ఆపుతుంది. మీకు హ్యాండ్ బ్రేక్ తప్ప ఇంకో దిక్కు లేదు.

మీ బావమరిది పనితనాన్ని నేను తప్పు పట్టను. ఆయన టూలు చేసేది సింగిల్ ఫ్లేర్, అంటే పైపు మూతిని గరాటులా 45 డిగ్రీలకి విప్పుతుంది, అంతవరకే. ఏసీ పైపు మెత్తటి రాగి, విప్పితే చక్కగా సాగుతుంది, లోపల ప్రెజర్ కూడా చాలాసేపు ఒకే తీరుగా ఉంటుంది. బ్రేక్ పైపు అలా కాదండీ. చాలా బళ్ళకి వాడేది బయటి కొలత 3/16 అంగుళం, మనవాళ్ళు 4.75 ఎంఎం అంటారు, గోడ మందం 0.7 ఎంఎం దగ్గర్లో ఉంటుంది. అంత పల్చటి స్టీలుని ఒక్క దెబ్బకి గరాటులా విప్పితే అంచున వెంట్రుకంత చీలికలు వస్తాయి, మామూలు కంటికి ఆనవు. పైగా పెడల్ తొక్కిన ప్రతిసారీ ప్రెజర్ సున్నా నుంచి ఒక్కసారిగా పైకి లేచి మళ్ళీ సున్నాకి వస్తుంది, గట్టిగా తొక్కితే చదరపు అంగుళానికి వెయ్యి పౌండ్లు కూడా దాటొచ్చు. టైర్లో మనం కొట్టించే గాలి 30 పౌండ్లు, ఆ లెక్కన ఊహించుకోండి. చీలిక రోజూ కొంచెం కొంచెం తెరుచుకుంటూ పోతుంది. మీకు రెండు రోజులు ఆగి మూడో రోజు కారడం మొదలైంది అందుకే.

బ్రేకులకి కావాల్సింది డబుల్ ఫ్లేర్. ఇంట్లో స్టీలు గ్లాసు అంచు ఒకసారి వేలితో తడిమి చూడండి, రేకుని వెనక్కి మడిచి ఉంటుంది కదా, దానివల్లే మూతి కోసుకోదు, అంచు గట్టిగానూ ఉంటుంది. డబుల్ ఫ్లేర్ కూడా అలాంటిదే, కాకపోతే ఇక్కడ అంచుని లోపలికి మడుస్తారు. మూతి దగ్గర రెండు పొరలు అవుతాయి, పచ్చి అంచు లోపలికి వెళ్ళిపోతుంది, నట్టు బిగించినప్పుడు ఆ రెండు పొరలు కలిసి అవతల పైపు కూర్చునే సీటు మీద నలుగుతాయి.

మీ బావమరిది టూలులో పైపుని పట్టుకునే బారుకి 3/16 రంధ్రం ఉండే ఉంటుంది, పైపు చక్కగా దూరుతుంది, అందరూ బోల్తా పడేది అక్కడే. మడత పెట్టడానికి అడాప్టర్ అనే చిన్న బిళ్ళ కావాలి, అది ఏసీ సెట్లో రాదు.

ఇంకో మాట, మీరు "ఎంత బిగించినా" అన్నారు, నాకు భయం అక్కడ వేసింది. అలా బలవంతంగా బిగించినప్పుడు అవతల పైపు కూర్చునే సీటు కూడా దెబ్బతింటుంది. నట్టు తీశాక టార్చి వేసి లోపల చూడండి, సీటు మీద గీత పడి ఉంటే ఎంత మంచి పైపు చేసినా కారుతూనే ఉంటుంది. కొత్త నట్టు కొనేటప్పుడు మరలు చూసుకోండి. విల్లీస్‌లాంటి అంగుళాల బళ్ళలో 3/16 పైపుకి మామూలుగా వచ్చేది 3/8 అంగుళం, అంగుళానికి 24 మరలు. షాపులో ఎక్కువగా దొరికేది మారుతీలాంటి వాటికి వాడే 10 ఎంఎం నట్టు. రెండూ పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి, తేడా అర మిల్లీమీటరు కూడా లేదు. చేత్తో తిప్పితే మూడు నాలుగు చుట్లు హాయిగా ఎక్కాలి, ఒక చుట్టుకే స్పానర్ అడిగిందంటే అది మీ నట్టు కాదు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో డబుల్ ఫ్లేరింగ్ కిట్ కొన్నాను. బారు, బిగించే యోక్, ఐదు అడాప్టర్లు వచ్చాయి. పది మూతులు చేస్తే ఎనిమిది ఒక పక్కకి ఒరిగిపోయాయి. టూలు చెత్తదా, నాకు చేత కావట్లేదా? (నిజామాబాద్)

జవాబు: సగం సగం అనుకోండి. ఆ చౌక కిట్లలో బారు పట్టు సరిగ్గా ఉండదు, యోక్ స్క్రూ కొంచెం వంకరగా దిగుతుంది, అది నిజం. అయినా పదిలో రెండు కుదిరాయంటే టూలుతో పని అవుతుంది, తేడా వస్తున్నది అంతకు ముందే, కోతలో.

పైపుని హాక్సా బ్లేడుతో కోశారా? కోసే ఉంటారు, మేమూ మొదట్లో అదే చేశాం. బ్లేడు కోత ఎప్పుడూ కాస్త ఏటవాలుగా వస్తుంది, ఆ ఏటవాలే మడతలో నాలుగింతలై కనిపిస్తుంది. చక్రం తిప్పి కోసే చిన్న ట్యూబ్ కట్టర్ తీసుకోండి, చుట్టుకి కొంచెం చొప్పున బిగిస్తూ తిప్పండి, ఒకేసారి బిగిస్తే పైపు నొక్కుకుపోతుంది. కోశాక మూతిని సన్న ఆకురాయితో సమం చేసి, బయటి అంచుని చుట్టూ ఒక్క పిసరు వాలుగా రాయండి. కట్టర్ లోపలి వైపు పెదవిలా మిగిల్చిన లోహాన్ని కూడా తీసేయాలి, లేకపోతే అడాప్టర్ ముక్కు లోపలికి సరిగ్గా దిగదు. ఇది చేసేటప్పుడు పైపు మూతి కిందికి పెట్టండి, రజను లోపలికి పోకుండా. తర్వాత గాలి కొట్టి ఊదేయాలి.

ఇప్పుడు నట్టు ఎక్కించండి. నవ్వకండి. మూతి అద్దంలా వచ్చాక నట్టు బల్ల మీదే కనిపిస్తుంది, ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాడికి కూడా, నేనైతే ఒకే పైపుకి రెండు చివర్లా మర్చిపోయిన రోజు ఉంది.

తర్వాత ఎత్తు. బారులోంచి పైపు ఎంత పైకి రావాలో అడాప్టరే చెబుతుంది, దాన్ని తిరగేసి పైపు పక్కన నిలబెడితే దాని మెట్టు మందం ఎంతో పైపు అంత ఎత్తులో ఉండాలి. గోరుతో తడిమితే రెండూ సమంగా తగలాలి. ఎక్కువైతే మడత పక్కకి ఒరుగుతుంది, తక్కువైతే మడతే సరిపోదు. మీకు ఒరిగిన ఎనిమిదీ ఈ ఎత్తు వల్లో కోత వల్లో పోయి ఉంటాయని నా అంచనా. బారు రెక్క నట్లని చేత్తో వదిలేయకుండా స్పానర్‌తో బిగించండి, పైపు దగ్గరున్న నట్టు ముందు. బారు పట్టుకునే చోట పైపు పొడిగా ఉండాలి, అక్కడ నూనె ఉంటే ఒత్తగానే కిందికి జారుతుంది.

అడాప్టర్ ముక్కుకి రెండు చుక్కలు బ్రేక్ ఆయిల్ రాయండి. ఇంజిన్ ఆయిల్ మాత్రం వద్దు, అది లోపలికి చేరితే చక్రం దగ్గరుండే వీల్ సిలిండర్ రబ్బరు కప్పులు ఉబ్బిపోతాయి. అడాప్టర్ బారుకి ఆనేదాకా బిగించి విప్పితే మూతి పుట్టగొడుగులా ఉబ్బి కనిపిస్తుంది. అడాప్టర్ తీసేసి ఇప్పుడు యోక్ స్క్రూ చివరనున్న శంఖం మొనని నేరుగా దించండి, ఉబ్బిన అంచు లోపలికి మడిచి కూర్చుంటుంది. ఇక్కడ అతి చేయొద్దు, మరీ నొక్కితే మడత దగ్గర పల్చబడిపోతుంది.

అయ్యాక ఫోన్ కెమెరా జూమ్ పెట్టి చూడండి. చుట్టూ ఒకే వెడల్పు ఉండాలి, రంధ్రం నడిమధ్యలో ఉండాలి, మడత మీద గీత ఉండకూడదు. అనుమానం వస్తే కోసేసి మళ్ళీ చేయండి, అంగుళం పైపు ఖరీదు ఎంతని! అందుకే కొలిచేటప్పుడే నాలుగంగుళాలు ఎక్కువ ఉంచుకోవాలి.

ప్రశ్న: నేను క్లీవ్‌లాండ్‌లో చదువుకుంటున్నాను. పాత జపాన్ కారు. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకి బ్రేక్ లైన్లు పొక్కులు లేచాయి. షాపులో చెప్పిన రేటు కారు కొన్న ధరలో సగం ఉంది. పాడైన ముక్క మటుకు కోసి, మధ్యలో కంప్రెషన్ జాయింట్ వేస్తే చాలని రూమ్మేట్ అంటున్నాడు. (ఒహైయో)

జవాబు: రూమ్మేట్‌ని నీళ్ళ పైపుల పనికి పంపించండి. ఇత్తడి రింగు నలిగి పైపుని పట్టుకునే ఆ జాయింట్లు బ్రేకులకి పనికిరావు, ఆ ప్రెజర్‌కి పైపు జారి బయటికి వచ్చేస్తుంది. అతుకు తప్పదంటే రెండు వైపులా ఫ్లేర్ చేసి, బ్రేకుల కోసమే చేసిన యూనియన్‌తో (రెండు పైపుల్ని కలిపే ముక్క) కలపాలి. అప్పుడు కూడా తుప్పు పక్కనే కోసి ఫ్లేర్ చేస్తే ఆ స్టీలు మడతలో చిట్లుతుంది. మంచి లోహం వచ్చేదాకా వెనక్కి వెళ్ళండి, మీరు చెప్పిన స్థితిలో జాయింటు నుంచి జాయింటు దాకా మార్చేయడమే మేలు. క్లిప్పుల కింద ముఖ్యంగా చూడండి, ఉప్పు తడి అక్కడే చేరి తినేస్తుంది, బయటికి మాత్రం పైపు బాగున్నట్టే ఉంటుంది.

ఇది మీ ఒక్కరి బాధ కాదు లెండి. 2015లో అక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2007, అంతకు ముందు మోడళ్ళ యజమానులకి ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది, ఉప్పు చల్లే ప్రాంతాల్లో బండి అడుగు భాగం కడిగించుకోండి, బ్రేక్ లైన్లు చూపించుకోండి అని.

మీకున్న సౌకర్యం ఏంటంటే అక్కడి ఆటో పార్ట్స్ షాపులు చాలావరకు డిపాజిట్ కట్టించుకుని ఫ్లేరింగ్ టూల్ అరువిస్తాయి. కుప్రో నికెల్ (రాగిలో నికెల్ కలిపింది) పైపు 25 అడుగుల చుట్ట కొనండి, చేత్తో వంగుతుంది, మొదటిసారి చేసేవాడికి స్టీలు కంటే చాలా సుఖం. జపాన్ కారు కాబట్టి డబుల్ ఫ్లేర్, 10 ఎంఎం నట్టు ఉండాలి, అయినా పాత పైపు చివర చూసి రూఢి చేసుకోండి. యూరప్ బళ్ళలో ఎక్కువగా బబుల్ ఫ్లేర్ వాడతారు, మూతి పుట్టగొడుగులా ఉండి వెనక చదునుగా ఉంటుంది. డబుల్ ఫ్లేర్ మొదటి మెట్టు దగ్గర ఆపేస్తే బబుల్ అయిపోతుందని కొందరు చెబుతారు, నమ్మొద్దు, వెనక భాగం ఆకారం వేరు, దానికి వేరే డై, అంటే అచ్చు ఉంటుంది. ఇంకొకటి, పైపు విప్పాక రిజర్వాయర్ (బ్రేక్ ఆయిల్ పోసే డబ్బా) ఎండిపోనివ్వకండి. ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) యూనిట్లోకి గాలి చేరితే కొన్ని కార్లకి స్కానర్ పెట్టకుండా అది బయటికి రాదు, మిగిలిన డబ్బులు అక్కడ ఖర్చవుతాయి.

ప్రశ్న: మా మెకానిక్ మామూలు రాగి పైపు వేస్తానంటున్నాడు. తుప్పు పట్టదు కదా, మంచిదేగా? (కరీంనగర్)

జవాబు: వద్దు. తుప్పు పట్టదు గానీ, బండి అదురుకి రాగి గట్టిపడి ఎక్కడో వంపు దగ్గర పుటుక్కున చిట్లుతుంది. రాగిలో పది శాతం దాకా నికెల్ కలిపితే ఆ గొడవ తగ్గుతుంది, అదే కుప్రో నికెల్, వోల్వో వాళ్ళు 1976 నుంచే వాడుతున్నారు. చూడ్డానికి ఇదీ ఎర్రగానే ఉంటుంది కాబట్టి రంగు చూసి కొనకండి, బిల్లు మీద రాయించుకోండి. (పాత రూపాయి బిళ్ళ కూడా కుప్రో నికెలే, అందులో నికెల్ పాతిక శాతం కాబట్టి తెల్లగా ఉండేది.) అది దొరక్కపోతే బ్రేకుల కోసం చేసిన స్టీలు పైపే వేయించండి.

ప్రశ్న: కొత్త పైపు వేశాక పెడల్ మెత్తగా, స్పాంజిలా దిగుతోంది. ఫ్లేర్ తేడానా? (తెనాలి)

జవాబు: లీకు లేకపోతే ఫ్లేర్‌ని అనుమానించక్కర్లేదు, లోపల గాలి ఉంది. మళ్ళీ ఎయిర్ తీయించండి. మామూలుగా మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు, కొన్ని కార్లకి వరస వేరు, మాన్యువల్ చూడమనండి. డబ్బా కొత్తది విప్పించండి, బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చేస్తుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరితే ఆ హద్దు 155కి పడిపోవచ్చు. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్ళు పోసి కడిగేయండి.

లీకు లేదని ఎలా తెలుసుకోవాలని కూడా అడిగారు. జాయింటుని శుభ్రంగా తుడిచి, కింద పాత న్యూస్ పేపర్ పరిచి, ఇంజిన్ స్టార్ట్ చేసి ఒకరిని రెండు నిమిషాలు పెడల్ గట్టిగా తొక్కి పట్టమనండి. తర్వాత పొడి వేలితో నట్టు చుట్టూ తడమండి, పేపర్ మీద చుక్క ఉందేమో చూడండి. వేలు కాస్త జిడ్డుగా తగిలినా సరే, నట్టుని ఒకసారి వదులు చేసి మళ్ళీ మామూలు బిగింపు ఇవ్వండి, మడత సీటు మీద సర్దుకుంటుంది. అప్పటికీ చెమ్మ వస్తే ఇంక బిగించొద్దు, విప్పి కట్టర్ తీయండి.